గుర్రపు కొట్టంలో కనకాంబరాలు

ఖాజాసాబ్ జట్కా తెలియనివాళ్ళు పెనుకొండలో లేరు. రైలు దిగినవాళ్ళను ఊళ్ళోకి తీసుకురావడం, గురువారాల్లో బాబయ్య దర్గాకు వచ్చేవాళ్ళను గుమ్మం ముందు దించడం అతని పని. గుర్రంతో మాట్లాడినంతగా పెళ్ళాంతో మాట్లాడడని వీధిలో వాళ్ళు వేళాకోళం చేసేవాళ్ళు. గౌసియాబీ కూడా వాళ్ళతో కలిసి నవ్వేసేది. నిజానికి అతను గుర్రానికి చెప్పేవన్నీ ఆమె వంటింట్లోంచి వింటూనే ఉండేది. ఆమె చెవిన పడాలనే అతను అంత గట్టిగా చెప్పేవాడని ఆమెకు తెలుసు.

డెబ్బై ఎనిమిదో సంవత్సరం జనవరిలో, చలి ఇంకా వదలని ఒక పొద్దున, స్టేషన్ బయట పాసింజరు బండి కోసం ఎదురుచూస్తూ అతను జట్కాలోనే పక్కకు ఒరిగిపోయాడు. తోటి జట్కావాళ్ళు చూసి పరుగెత్తుకొచ్చే లోపలే గుర్రం కదిలింది. పగ్గం పట్టేవాడు లేకపోయినా, మలుపుల దగ్గర తడబడకుండా, ఎక్కడా ఆగకుండా, యజమానిని తెచ్చి ఇంటి ముందు నిలబెట్టింది. గౌసియాబీ తలుపు తీసేసరికి అది తల దించుకుని ఉంది. నొసటి మీద నెలవంక లాంటి తెల్లమచ్చ ఉండేది దానికి. అందుకే చాంద్ అని పిలుచుకునేవాళ్ళు.

భర్త పోయిన స్త్రీ ఇద్దత్ గడువు తీరేదాకా, అంటే నాలుగు నెలల పైచిలుకు, గడప దాటకూడదు. పరాయి మగవాళ్ళ ఎదుటికి రాకూడదు. గౌసియాబీకి పిల్లల్లేరు. ఇంట్లో మిగిలింది ఆమె, అత్త బుడన్‌బీ. ధర్మవరంలో పట్టునూలుకు రంగులద్దే పని చేసే గౌసియాబీ అన్న మహమ్మద్ అలీ వచ్చి కొన్నాళ్ళుండి, చేయాల్సినవన్నీ చేశాడు. వెళ్ళేముందు జట్కానూ గుర్రాన్నీ సోమందేపల్లిలో జట్కా తోలే ఉలిగప్పకు అమ్మేశాడు.

"తోలేవాడు లేని ఇంట్లో మూగజీవిని పస్తు పెట్టలేము గదమ్మా," అన్నాడు. "గడువు తీరినంక నువ్వూ అత్తా ఇద్దరూ ధర్మవరం వచ్చేయండి. మా ఇంటి పక్కనే ఒక గది చూసిపెట్టినా. దారం చుట్టే పని ఉండాది. ఆడ మేమంతా ఉంటాము. ఈడ ఎవరుండారు మీకు?"

గౌసియాబీ తలూపింది.

గుర్రం పోయాక ఇల్లు చెవులు మూసుకున్నట్టు అయిపోయింది. అంతవరకూ కోడి కూసే వేళకు లేచి ఉలవలు కడగడం, గడ్డి విదిలించడం, లద్దె ఎత్తడం, కొట్టం ఊడవడం, వీటితోనే ఆమెకు తెల్లవారేది. ఇప్పుడు తెల్లవారుతోంది గానీ చేతులకు పని లేదు. బుడన్‌బీ మాత్రం రోజూ చీపురు తీసుకుని, ఖాళీ కొట్టాన్ని ఈ మూల నుంచి ఆ మూలకు ఊడ్చి వచ్చేది. కొడుకు పోయినప్పటి నుంచి ఆమె కంట నీటి చుక్క ఎవరూ చూడలేదు. మాట కూడా తగ్గిపోయింది. ఆ చీపురు చప్పుడు విన్నప్పుడల్లా గౌసియాబీ వంటింట్లోకి వెళ్ళిపోయేది.

ఒకరోజు లేచి చూసుకుంటే గిన్నెలో ఉలవలు నానుతున్నాయి. రాత్రి తనే నానేసింది, అలవాటు మీద. ఏం చేయాలో తెలియక గిన్నె ఒడిలో పెట్టుకుని కొట్టం అరుగు మీద కూర్చుండిపోయింది.

పక్కింటి గోడ మీద నుంచి సుశీలమ్మ తొంగి చూసింది. ఆమె భర్త వెంకటప్ప తాలూకాఫీసులో జవాను. రెండిళ్ళ పెరళ్ళకూ మధ్య నడుమెత్తు రాతిగోడ. బావి సుశీలమ్మ వైపు ఉంది. గడువు మొదలైన రోజు నుంచి, అడక్కుండానే, పొద్దునా సాయంత్రం బిందెలు తోడి గోడ మీద పెడుతూ వస్తోంది ఆమె.

"ఏమ్మే గౌసియా, అట్ల కూసున్నావు?"

"ఉలవలు నానేసినా అక్కా," అంది గౌసియాబీ.

సుశీలమ్మకు అర్థమైంది. "ఇట్ల ఇయ్యి, సగం నేను తీసుకుంటా. గుగ్గిళ్ళు చేస్కుందాం," అని చెయ్యి చాపింది. ఉలవలు అందుకుంటూ కొట్టం వైపు చూసింది. "ఆ నేల చూడు. ఎన్నేండ్ల లద్దె తిన్నాదో, నల్లగా మెత్తగా ఉండాది. మా పెరట్లో గడ్డపారతో పొడిసినా దిగదు. అంత నేల పెట్టుకోని ఊరికే ఏంటికి కూసుంటావు? ఏమన్నా నాటు."

"ఏం నాటేదక్కా? గడువైనంక ధర్మవరం పోవల్లంట."

"పోతే పోతువుగానిలే. పొయ్యేవరకూ ఈడనే గదా ఉంటావు. హిందూపురంలో మా అక్క కనకాంబరం నారు పోసింది. పంపిమ్మంటా. శివరాత్రి దగ్గరికొస్తాండాది, అది దాటితే ఎండ మనమాట ఇనదు. ఇప్పుడే నాటితే, ఎండలు ముదిరేలోగా ఏర్లు లోపలికి దిగుతాయి."

ఆ మాట బుడన్‌బీ చెవిన పడింది. వాకిట్లోంచి చీపురుతో సహా వచ్చి నిలబడింది.

"మనిషి పోయిన ఇంట్లో పూలా?" అంది. గొంతు పెద్దది చేయలేదు. "కొట్టం జోలికి పోవద్దు."

సుశీలమ్మ గోడ దగ్గర నుంచి వెళ్ళిపోయింది. గౌసియాబీ ఆ రోజంతా అత్తతో మాట్లాడలేదు. అత్త మీద కోపం కాదు. ఆమె అన్నదాంట్లో తప్పుందని కూడా అనుకోలేదు. కానీ నారు మాట వినగానే తన చేతులకు పని దొరికినట్టు లోపల ఏదో కదిలింది. అలా కదిలినందుకు సిగ్గేసింది.

నాలుగైదు రోజులకు హిందూపురం బస్సు కండక్టరు తడి గోనెసంచిలో చుట్టిన నారు తెచ్చి వెంకటప్పకు ఇచ్చి పోయాడు. సుశీలమ్మ దాన్ని గోడ మీద పెట్టి, "మా పెరట్లో అన్నిటికీ చోటు ల్యాదు. నీకిష్టమైతే నాటు, లేకుంటే పారెయ్యి," అని లోపలికి వెళ్ళిపోయింది.

గౌసియాబీ సంచి విప్పింది. జానెడు కూడా లేని మొక్కలు, తడి ఆరక ముందే ఆకులు వాలిపోతున్నాయి. మధ్యాహ్నం దాకా వాటిని నీడలో పెట్టి, నీళ్ళు చిలకరిస్తూ అత్త ముఖం చూస్తూ గడిపింది. చివరికి దగ్గరికెళ్ళి కూర్చుంది.

"అత్తా, ఇవి సచ్చిపోతాండాయి. ఈ ఇంట్లో ఇంకొకటి సచ్చిపోయేది నేను చూడలేను."

బుడన్‌బీ ఆమె వైపు చూసింది. మొక్కల వైపు చూసింది. "గుంజ దగ్గర తవ్వొద్దు," అంది. "వాడు గుర్రాన్ని కట్టేసే గుంజ అది." అంతే, లేచి గోడ వైపు తిరిగి పడుకుంది.

పొద్దు వాలాక గౌసియాబీ కొట్టం నేల తవ్వింది. పైన గట్టిగా అట్టకట్టింది గానీ కింద మన్ను పిండిలా వచ్చింది. లద్దె వాసన, ఎండుగడ్డి వాసన ఒక్కసారిగా గుప్పుమన్నాయి. ఆమె గడ్డపార పక్కన పెట్టి కొంచెంసేపు ఆ వాసనలోనే కూర్చుంది. తర్వాత గుంజను వదిలి, దాని చుట్టూ వరసలు తీసి మొక్కలన్నీ నాటింది. కొట్టం పైకప్పు ఎప్పుడో సగం కూలిపోయింది కాబట్టి ఎండ బాగానే పడేది. సుశీలమ్మ కొన్ని కానుగ మండలు విరిచి ఇస్తే, ఒక్కో మొక్కకూ నీడగా గుచ్చింది.

ఆ తర్వాత రోజులు ఎలా గడిచాయో ఆమెకే తెలియలేదు. స్నానం నీళ్ళు, బియ్యం కడిగిన నీళ్ళు, గిన్నెలు తోమిన నీళ్ళు, ఏవీ వృథాగా పోనిచ్చేది కాదు. లేవగానే వెళ్ళి, ఏ మొక్క తల ఎత్తింది, ఏది ఎత్తలేదు అని చూసేది. సుశీలమ్మ గోడ మీద నుంచి అడిగేది, ఈమె చెప్పేది. వారం తిరిగేసరికి ఆకులు నిలబడ్డాయి. ఉగాది దగ్గరికొచ్చేసరికి మూడునాలుగు కొత్త ఆకుల జతలు వేసి, నిగనిగలాడుతూ మూరెడు ఎత్తయ్యాయి. బుడన్‌బీ ఆ వైపు చూసేది కాదు. కొట్టం ఊడవడం కూడా మానేసింది.

ఒక గురువారం మధ్యాహ్నం. అత్తాకోడళ్ళు అన్నాలు తిని వసారాలో ఉన్నారు. పెరటి తలుపు ధడాలుమని తెరుచుకుంది. గౌసియాబీ ఉలిక్కిపడి లేచి చూస్తే, చాంద్.

మెడకు సగం తెగిన తాడు వేలాడుతోంది. ఒళ్ళంతా చెమట. అది ఎవరి వైపూ చూడకుండా నేరుగా కొట్టంలోకి నడిచి, గుంజ పక్కన తాను ఎప్పుడూ నిలబడే చోట నిలబడింది. దాని కాళ్ళ కింద ఒక వరస మొక్కలు నలిగిపోయాయి. అది తల దించి, గడ్డి ఉండాల్సిన చోట ఏముందో వాసన చూసి, కనకాంబరం తల ఒకటి పటుక్కున కొరికింది. తర్వాత ఇంకొకటి.

గౌసియాబీ చేతికి చీపురు దొరికింది. ఒక్క అదిలింపు అదిలిస్తే చాలు, అది వెనక్కి తగ్గేది. ఆమె మాట వినే గుర్రమే అది. కానీ అప్పటికే బుడన్‌బీ దాని దగ్గరికి చేరింది. చేయెత్తి దాని మెడ మీద వేసింది. గుర్రం నమలడం ఆపి, మూతి ఆమె భుజానికి ఆనించింది.

"వచ్చినావా నాయనా," అంది బుడన్‌బీ. "వాన్ని యాడ వదిలిపెట్టి వచ్చినావురా?"

అని, ఆ మెడను కావలించుకుని భోరుమంది. రెండు నెలలకు పైగా లోపలే ఉండిపోయిన ఏడుపు అది. ఆపడం ఎవరి తరమూ కాలేదు. సుశీలమ్మ పరుగెత్తుకొచ్చి గోడ అవతల నిలబడిపోయింది. గౌసియాబీ చీపురు కింద పడేసింది. గుర్రం మళ్ళీ తల దించి మొక్కలు కొరకడం మొదలుపెట్టింది. ఆమె అలాగే చూస్తూ నిలబడింది. తను ఎంత శ్రద్ధగా పెంచుకుందో, అంత శ్రద్ధగా అది తింటూ ఉంటే చూసింది. తరమలేదు. అత్త ఏడవాలి, ఏడ్చేంతసేపూ గుర్రం అక్కడే ఉండాలి. దానికి ఆ మొక్కలు పోతే పోనీ అనుకుంది.

వీధి వైపు ఎవరో రొప్పుతూ వచ్చిన చప్పుడైంది. "అవ్వా! గుర్రమేమన్నా ఈడికొచ్చిందా?"

ఉలిగప్ప గొంతు అది. గౌసియాబీ తలుపు చాటుకు వెళ్ళింది. సోమందేపల్లి నుంచి మొక్కుబడి ఉన్నవాళ్ళను దర్గాకు తెచ్చాడట. బండి విప్పి గుర్రానికి గడ్డి వేసి, టీ తాగి వచ్చేలోపల తాడు తెంపుకుని పోయిందట. పెరట్లోకి వచ్చి కొట్టం చూసి అతను తల పట్టుకున్నాడు.

"అయ్యయ్యో, పూలచెట్లన్నీ నాశనం చేసింది గదా! తప్పయిపాయ అవ్వా. నేనేమిచ్చుకునేది మీకు?"

బుడన్‌బీ కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఏమప్పా, ఇది ఇట్ల చిక్కిపోయిందేంటికి? తిండి పెట్టడం లేదా?"

"పెడతాండానవ్వా, తినడం లేదు. ముందర పోసిన ఉలవలు అట్లనే ఉంటాయి. బండికి కడితే నడుస్తాది, తిండికాడ మొండికేస్తాది. నాకేం తోచడం లేదు."

బుడన్‌బీ తలుపు వైపు తిరిగింది. "చెప్పమే గౌసియా. నీకే గదా తెలిసేది."

పరాయి మగవాడితో గొంతు విప్పడానికి ఆమె వెనకాడింది. కానీ అత్తే అడిగింది. తలుపు వెనక నుంచి మెల్లగా చెప్పింది. "ఉలవలు ఊరికే పోస్తే తినదు. పక్కన నిలబడి ఏదో ఒకటి మాట్లాడతాండల్ల. ఆయన మాట్లాడతా ఉంటేనే తినేది."

"ఏం మాట్లాడల్లమ్మా?"

"ఏదైనా సరే. ఎవరెక్కినారు, యాడ దిగినారు, అట్లాంటివే."

"సరేమ్మా," అన్నాడు ఉలిగప్ప. తర్వాత గుర్రం దగ్గరికి పోయి, నలుగురూ వింటున్నారని సిగ్గుపడుతూనే, "ఏమబ్బా, దర్గాకాడ వాళ్ళంతా కాచుకోనుండారు, పోదామా?" అన్నాడు. చాంద్ చెవులు నిక్కించింది. బుడన్‌బీ తెగిన తాడుకు ముడి వేసి అతని చేతికిచ్చింది.

వాళ్ళు వెళ్ళాక గౌసియాబీ కొట్టంలో కూర్చుని మిగిలినవి చూసుకుంది. ఒక వరస పూర్తిగా మట్టిలో కలిసిపోయింది. మిగతావి మొండి పుల్లలు. చూస్తుండగా పక్కన ఎవరో కూర్చున్నట్టయింది. బుడన్‌బీ. వంగి, ఒక పుల్లను వేలితో నిలబెట్టి, మొదట్లో మన్ను అదిమింది.

"ఏర్లుండాయిమే," అంది. "నీల్లు పొయ్యి."

నిజంగానే వేర్లున్నాయి. పది పదిహేను రోజుల్లో ఒక్కో పుల్లకు రెండేసి, మూడేసి పక్క చిగుళ్ళు పగిలాయి. సుశీలమ్మ అక్క హిందూపురం నుంచి చూడ్డానికొచ్చి, "మేము చేత్తో తుంచుతాము తలలు, గుబురుగా రావల్లని. మీకు గుర్రమే తుంచిపెట్టింది," అని పకపకా నవ్వింది. ఆ ఇంట్లో జనవరి తర్వాత అంత పెద్ద నవ్వు వినపడటం అదే. బుడన్‌బీ కూడా నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

ఏప్రిల్ చివరికి ఎండలు మండిపోయాయి. పెనుకొండ కొండ రాళ్ళన్నీ వేడెక్కి, పొద్దుగూకినా సెగ తగ్గేది కాదు. సుశీలమ్మ బావిలో చేద వేస్తే అడుగున రాయికి కొట్టుకున్న చప్పుడు. ఊరింది ఊరినట్టు తోడుకుంటే రెండిళ్ళకూ తాగడానికి, వండుకోవడానికి సరిపోతోంది. అయినా ఆమె తన బిందెలోంచి ఒక చెంబు మొక్కలకని గోడ మీద పెట్టేది. గౌసియాబీ దాన్ని తిప్పి ఆమెకే ఇచ్చేసేది. రెండురోజులు ఆ చెంబు గోడ మీద అటూ ఇటూ తిరిగింది.

మూడో రోజు వీధిలో డెక్కల చప్పుడు, "అవ్వా" అన్న పిలుపు. ఉలిగప్ప ప్రయాణికులను దర్గా దగ్గర దించి, జట్కాలో నీళ్ళ పీపా పెట్టుకుని వచ్చాడు. దారిలో ఎవరిదో మోటరు బావి దగ్గర నింపుకున్నాడట. ఒక గోతాంలో లద్దె కూడా ఉంది.

"అడక్కుండా తెచ్చినావే అప్పా," అంది బుడన్‌బీ.

"మీరు చెప్పినంక అది మేత తింటాండాదవ్వా. ఊళ్ళో సంగతులన్నీ దానికే చెప్తాండా. మా ఇంట్లోది నవ్వుతాది, పెండ్లాంతో ఇన్ని మాటలు మాట్లాడవు, గుర్రంతో మాట్లాడతావని."

తలుపు చాటున గౌసియాబీ చప్పున కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుపో నవ్వో ఆమెకే తెలియలేదు. ఆ రోజు నుంచి ప్రతి గురువారం పీపా వచ్చేది. పగ్గం పట్టుకుని అతను వీధిలో నిలబడితే, బుడన్‌బీ చాంద్ నొసలు నిమిరి, నీళ్ళు దించుకునేది.

మే నెలలో మొదటి మొగ్గలు కనిపించాయి. ఆకుపచ్చని గింజ కంకుల్లాంటివి, చూడ్డానికి ఏమంత అందంగా ఉండవు. ఒకరోజు పొద్దున లేచేసరికి వాటిలోంచి నారింజరంగు రేకులు నాలుగు దిక్కులా విచ్చుకుని ఉన్నాయి. గౌసియాబీ అత్తను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి చూపించింది. బుడన్‌బీ చాలాసేపు చూసింది. "నా కొడుకు నిలబడిన చోటు," అంది. ఆ పొద్దున మొదటి చెంబు నీళ్ళు ఆమే పోసింది.

గడువు తీరే రోజుకు మహమ్మద్ అలీ ధర్మవరం నుంచి వచ్చాడు. చెల్లెలికి కొత్త చీర తెచ్చాడు. కొట్టం చూసి నోరు తెరిచాడు. బుడన్‌బీ అతనికి మొక్కలన్నీ తిప్పి చూపించి, ఏది గుర్రం తిన్నదో, ఏది తొక్కితే మళ్ళీ లేచిందో చెప్పింది.

"గది మాట్లాడిపెట్టినా గదా అత్తా, ఎప్పుడు వస్తారు?" అన్నాడు అతను.

బుడన్‌బీ కోడలి వైపు చూసింది.

"మేము రాము అన్నా," అంది గౌసియాబీ. "నువ్వు మా కోసం చూసినావు, నాకు తెల్సు. జన్మంతా మర్చిపోను. కానీ ఈడ ఎవరుండారు అని అడిగినావే ఆ పొద్దు, నాకు చెప్పబుద్ధి కాలేదు. ఇప్పుడు చెప్తా. ఈడ మాకు శానామంది ఉండారు. దర్గా ముందర పూలమ్మే ఫాతిమాబీ రోజూ ఎన్ని కోసినా తీసుకుంటానంటాండాది. బతుకుతాము."

మహమ్మద్ అలీ వాదించలేదు. సాయంత్రం దాకా ఉండి, కూలిన కొట్టం గోడకు రాళ్ళు పేర్చి సరిచేసి, రైలుకు వెళ్ళాడు.

మర్నాడు పొద్దున గౌసియాబీ పూలన్నీ కోసి, అరటినారతో మాలలు కట్టింది. దర్గాకు ఒక మాల విడిగా తీసింది. దాన్ని బుడన్‌బీ తీసి పక్కన పెట్టి, "బాబయ్య ఏమీ అనుకోడు. ముందు నీల్లిచ్చిన ఇంటికి పో," అంది.

గోడ మీద నుంచి అందించవచ్చు. కానీ గౌసియాబీ వీధి తలుపు తీసి, నెలల తర్వాత మొదటిసారి గడప దాటి, వీధిలో నాలుగడుగులు నడిచి సుశీలమ్మ తలుపు తట్టింది. కొత్త ఊరికి వచ్చినట్టుంది ఆమెకు. వెలుతురు కళ్ళకు గుచ్చుకుంది. సుశీలమ్మ తలుపు తీసి, చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుంది. ఇద్దరూ పెరట్లో బావి దగ్గర కూర్చున్నారు.

"అక్కా, నీకేమివ్వగలను నేను," అని మొదలుపెట్టింది గౌసియాబీ. ఆ మాటలు రాత్రంతా మనసులో కూర్చుకుంది. తీరా వాటిని వదిలేసి మాల ఆమె చేతిలో పెట్టింది.

సుశీలమ్మ పూలు వాసన చూసింది, కనకాంబరానికి వాసన లేదని తెలిసీ. మాలలో కొంత తుంచి తలలో పెట్టుకుంది. మిగిలింది చేతిలో పట్టుకుని తటపటాయించింది. ఇవ్వాలని ఉంది. ఇవ్వొచ్చో లేదో తెలియదు. తమ ఇళ్ళల్లో అయితే మొగుడు పోయినామె పూలు పెట్టుకునే మాటే రాదు. గౌసియాబీ తల దించుకుంది.

గోడ అవతలి నుంచి బుడన్‌బీ గొంతు వినపడింది. "ఏమ్మీ సుశీలా, ఏంటికట్ల పట్టుకోనున్నావు? గడువు అయిపాయ గదా. ఆ పిల్ల పెంచిన పూలు. పెట్టు."

గౌసియాబీ వెనక్కి తిరిగి కూర్చుంది. సుశీలమ్మ ఆమె జడ సర్ది, పూలు తురిమి, జారిపోకుండా ఒక పిన్ను గుచ్చింది.